విలేర్-కొత్రే కోటలో ఫ్రెంచి భాష

పారిస్‌కు ఈశాన్యాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో విలేర్-కొత్రే అనే పట్టణం ఉంది. జనాభా పదివేలకు అటూ ఇటూగా ఉండే ఈ ఊళ్ళో, 2014 వరకు వృద్ధాశ్రమంగా నడిచి ఆ తర్వాత మూతబడి శిథిలమవుతున్న ఒక పాత రాజభవనాన్ని ఫ్రెంచి ప్రభుత్వం 20 కోట్ల యూరోలకు పైగా ఖర్చుపెట్టి బాగుచేయించి, ‘అంతర్జాతీయ ఫ్రెంచి భాషా నగరం’ అన్న పేరుతో 2023 నవంబరు 1న జనానికి తెరిచింది. అగ్నిప్రమాదం తర్వాత నోత్ర్ దామ్ చర్చికి చేసిన మరమ్మతులను పక్కన పెడితే, ఆ రోజుల్లో ఆ దేశంలో సాగిన అతి పెద్ద చారిత్రక కట్టడపు పునరుద్ధరణ ఇదేనని పత్రికలు రాసేవి. ఒక భాష కోసం ఇంత సొమ్ము, ఇంత భవనం, అదీ రాజధానికి దూరంగా ఒక చిన్న ఊళ్ళో ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు, 1539 ఆగస్టులో ఇక్కడ వెలువడిన ఒక రాజశాసనంలో ఉంది. నన్ను అక్కడికి నడిపించినది కూడా ఆ శాసనమే.

పారిస్‌లోని గార్ ద్యు నార్ స్టేషనులో లాన్ వైపు వెళ్ళే ప్రాంతీయ రైలు ఎక్కితే సుమారు గంటలో ఆ ఊళ్ళో దిగవచ్చు. నగర శివార్లు దాటిన తర్వాత గోధుమ, చక్కెర దుంప పొలాలు చదునుగా సాగిపోతాయి. ఊరు దగ్గరపడేసరికి అడవి మొదలవుతుంది. సుమారు 13 వేల హెక్టార్ల ఈ రెట్స్ అడవిలో వేటాడడం కోసమే ఫ్రాన్సు రాజులు ఇక్కడికి వచ్చేవారు. మొదటి ప్రపంచ యుద్ధాన్ని మలుపు తిప్పిన ఎదురుదాడికి 1918 జూలై 18న ఫ్రెంచి సేనలు పొంచి ఉండి బయలుదేరిందీ ఈ చెట్ల మాటు నుంచే. మొదటి ఫ్రాన్సువా రాజు 1530 ప్రాంతంలో ఇక్కడ కొత్త భవనం కట్టించడం మొదలుపెట్టి, దానిని ‘నా ఆనందం’ అని పిలుచుకునేవాడట. కనుక కోట అనగానే గోల్కొండనో కొండవీడునో మనసులో పెట్టుకుని వెళ్ళేవారు కొంత నిరాశపడతారు. ఇది వేట ముగించుకుని వచ్చిన రాజపరివారం సేదతీరడానికి కట్టిన విడిది. ఏటవాలు పలక కప్పులు, ఎత్తైన పొగగొట్టాలు, లేత రంగు రాతి గోడలు, వాటిలో వరుసగా కిటికీలు. ఊరి ప్రధాన వీధికి అది ఎంత దగ్గరగా ఉందంటే, రొట్టెల దుకాణం నుంచి బయటికి వచ్చి నాలుగు అడుగులు వేస్తే రాజుగారి వాకిట్లో ఉంటాము.

లోపలి ప్రాంగణానికి ‘బంతాట వాకిలి’ అని అర్థం వచ్చే పేరు. నేటి టెన్నిస్‌కు పూర్వరూపమైన ఆటను రాజులు అక్కడ ఆడేవారు. ఇప్పుడు ఆ వాకిలికి పైన గాజు కప్పు వేసి, దాని కింద ఫ్రెంచి పదాలను పెద్ద అక్షరాలతో వేలాడదీశారు. ఇందులోకి రావడానికి టిక్కెట్టు అక్కర్లేదు కాబట్టి, ఊరివాళ్ళు కాఫీ తాగడానికీ, పిల్లలను ఆడించడానికీ వస్తూ ఉంటారు. నేను వెళ్ళిన రోజు ఎండ బాగా కాసింది. పదాల నీడలు నేలమీద పడి, మధ్యాహ్నం గడిచేకొద్దీ గోడల వైపు జరిగాయి. ఒక పాప తన తాతయ్య చేయి పట్టుకుని నీడలో ఉన్న అక్షరాలను కూడబలుక్కుని చదువుతుంటే, తలకిందులుగా పడిన అక్షరం దగ్గర ఇద్దరూ ఆగిపోయి, ఆయన మెడ వంచి, ఆ పాప ఏకంగా నేలమీద వెల్లకిలా పడుకుని, చివరికి ఆ పదాన్ని సాధించారు. లోపలి గదుల్లో ఖరీదైన తెరలు ఎన్నో చూశాను గానీ, చదువు ఇంత ఇష్టంగా జరగడం నాకు అక్కడే కనబడింది.

పాత భవనంలో మిగిలినవాటిలో తప్పక చూడవలసినవి మెట్లు, ప్రార్థనా మందిరం. ఫ్రాన్సు కోటల్లో అంతకుముందు గుండ్రంగా తిరుగుతూ పైకి వెళ్ళే మెట్లే వాడుక. ఇక్కడ ఇటలీ పద్ధతిలో తిన్నగా సాగి, మలుపు తిరిగి, మళ్ళీ తిన్నగా సాగే మెట్లు కట్టారు. వాటి పైన రాతి కప్పును గడులు గడులుగా విభజించి, ప్రతి గడిలోనూ శిల్పం చెక్కారు. ప్రార్థనా మందిరంలో ఫ్రాన్సువా చిహ్నమైన సాలమాండర్ అనే బల్లివంటి జంతువు, రాజవంశపు కలువ గుర్తు, ఆయన పేరులోని మొదటి అక్షరం మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. సాలమాండర్ నిప్పులో కాలదనీ, పైగా నిప్పును ఆర్పుతుందనీ ఆనాటివారి నమ్మకం. దేవుడి గదిలో కూడా తన గుర్తులను ఇంతగా చెక్కించుకున్న రాజు, న్యాయస్థానాల్లో తన భాషే వినిపించాలని ఆజ్ఞ వేశాడంటే ఆశ్చర్యపడనవసరం లేదు.

ఇక ఆ శాసనం. దానిలో 192 అధికరణాలు ఉన్నాయి. వాటిలో భాషకు సంబంధించినవి 110, 111 అనే రెండే. మిగిలినవన్నీ న్యాయస్థానాల పద్ధతి, చర్చి న్యాయస్థానాల అధికారానికి హద్దులు, వృత్తి సంఘాలపై నిషేధం, చర్చిలో జరిగే బాప్తిస్మాలకు పుట్టిన వేళతో సహా రిజిస్టరు పెట్టడం వంటి విషయాలు. అంటే దీనిని భాషా శాసనం అనడం తరువాతి తరాల అలవాటు. రాసినవారి దృష్టిలో అది న్యాయపాలన శాసనం. 110వ అధికరణం తీర్పులు స్పష్టంగా ఉండాలనీ, వాటిలో సందిగ్ధానికీ అనిశ్చితికీ తావు ఉండకూడదనీ, వాటి అర్థం ఏమిటని మళ్ళీ ఎవరూ అడగవలసిన పని రాకూడదనీ చెబుతుంది. 111వది దానికి కొనసాగింపు: లాటిన్ మాటల అర్థం గురించి తగాదాలు తరచుగా వస్తున్నాయి కాబట్టి, ఇకమీదట తీర్పులు, విచారణలు, ఒప్పందాలు, వీలునామాలు అన్నీ ‘ఫ్రెంచి మాతృభాషలో’ చదివి వినిపించాలి, నమోదు చేయాలి, కక్షిదారులకు ఇవ్వాలి, మరో విధంగా కూడదు. ఈ రెండు అధికరణాలు ఈనాటికీ అమలులో ఉన్నాయి. ఫ్రాన్సు న్యాయస్థానాలు ఇప్పటికీ ఉదహరించే చట్టాలలో ఇంతకంటే పాతది లేదు.

ఈ అధికరణాల ముందు నేను చాలాసేపు నిలిచిపోయాను. మా నాన్నగారు కాకినాడలో ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తాగా పనిచేసేవారు. డిక్రీ నకలు చేతికి వచ్చిన రోజున పల్లెటూరి కక్షిదారు ఆ కాగితాన్ని తిరగేసి మరగేసి చూసి, చివరికి నాన్నగారి ముఖం వైపు చూసి, ‘‘ఇంతకీ మనం గెలిచామా, పోయామా పంతులుగారూ?’’ అని అడగడం నా చిన్నతనంలో మా వీధి అరుగు మీద తరచుగా విన్న మాట. పదేళ్ళు వాయిదాలకు తిరిగి, ఎకరం అమ్ముకుని సంపాదించుకున్న తీర్పులో తన పేరు తప్ప మరేమీ చదువుకోలేని మనిషి ఎదుట, ఆ 110వ అధికరణం ఎంత మర్యాదగల వాక్యమో నాకు తెలుసు. 2023లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు రాసినప్పుడు అది పత్రికలకు వార్త అయిందంటే, మన దగ్గర ఈ పని ఎంత అరుదో అర్థమవుతుంది.

శాసనం ఎలా పుట్టిందన్నదానికి ఫ్రెంచివాళ్ళు ఒక కథ చెప్పుకుంటారు. ఒక ప్రభువు తన దావాలో తీర్పు వినడానికి గుర్రం మీద హడావిడిగా పారిస్ వచ్చాడట. దావా కొట్టివేస్తున్నట్టు న్యాయమూర్తి లాటిన్‌లో ప్రకటించాడు. ఆ లాటిన్ మాట వినడానికి ఫ్రెంచిలో బూట్లు విప్పడం అన్నట్టుగా ఉంటుంది. ఆ ప్రభువు తిన్నగా రాజు దగ్గరకు వెళ్ళి, ‘‘నేను బూట్లు తొడుక్కుని అంత దూరం నుంచి వస్తే, మీ న్యాయస్థానంవారు నా బూట్లు విప్పించారు’’ అని విన్నవించుకున్నాడట. ఇది కథే అయి ఉంటుంది. దీనికంటే నాకు నచ్చినది శాసనం రూపొందించిన ఛాన్సలర్, అంటే రాజ్యపు న్యాయ వ్యవహారాల పెద్ద, గియోమ్ పొయే చరిత్ర. ఆయన పేరు మీదుగానే న్యాయవాదులు ఈ శాసనాన్ని ఎగతాళిగా ‘గియోమీన్’ అనేవారు. భాష విషయంలో కక్షిదారు పక్షాన నిలిచిన ఈ శాసనం, నేర విచారణల విషయంలో మాత్రం చాలా కఠినమైనది: నిందితుడికి న్యాయవాది సాయం ఉండదు, విచారణ రహస్యంగా సాగుతుంది. కొన్నేళ్ళకే పొయే రాజు ఆగ్రహానికి గురై 1542లో అరెస్టయ్యాడు. తన కేసులో తనకు రక్షణ లేకుండా పోయిందని ఆయన మొరపెట్టుకుంటే, ‘‘నీవు చేసిన చట్టాన్ని నీవే అనుభవించు’’ అని జవాబు వచ్చిందని చెబుతారు. ఆ జవాబు లాటిన్‌లో వచ్చిందట.

‘ఫ్రెంచి మాతృభాష’ అన్న మాట చుట్టూ చరిత్రకారులు ఇప్పటికీ తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. 1539లో ఫ్రాన్సు రాజ్యంలో ఎక్కువమందికి పారిస్ ఫ్రెంచి మాతృభాష కాదు. దక్షిణాన ఆక్సిటన్, పడమట బ్రెటన్, పైరనీస్ అంచున బాస్క్, ఉత్తరాన పికార్డ్ మాట్లాడేవారు; విలేర్-కొత్రే సైతం పికార్డీ ప్రాంతంలోనిదే. నాలుగేళ్ళ ముందు, 1535లో, ఇదే రాజు ప్రోవాన్స్ కోసం చేసిన శాసనంలో ‘ఫ్రెంచిలో గానీ, కనీసం ఆ ప్రాంతపు వాడుక భాషలో గానీ’ అన్న వెసులుబాటు ఉంది. 1539 నాటికి ఆ రెండవ సగం మాయమైంది. ఇది రాజు కావాలని చేసిన పనా, లేక రాజు ప్రజలు మాట్లాడే ఏ భాష అయినా ఆ మాట కిందికి వస్తుందని ఆనాటివారి ఉద్దేశమా అన్నదే వివాదం. ఉద్దేశం ఏదైనా ఫలితం మాత్రం స్పష్టంగానే ఉంది: కొద్ది దశాబ్దాల్లో దక్షిణాది నోటరీల దస్తావేజుల నుంచి లాటిన్‌తో పాటు ఆక్సిటన్ కూడా వెళ్ళిపోయింది. నిజాం ప్రభుత్వం 1884లో న్యాయస్థానాల భాషను పారసీకం నుంచి ఉర్దూకు మార్చినప్పుడు నల్లగొండ రైతుకు ఒరిగిందెంతో, ఫ్రెంచి వచ్చినప్పుడు ప్రోవాన్స్ రైతుకు ఒరిగిందీ అంతే అయి ఉంటుంది.

ఈ చిక్కును ప్రదర్శన దాచిపెట్టకపోవడం నాకు సంతోషం కలిగించింది. శాశ్వత ప్రదర్శన పేరు ‘ఫ్రెంచి సాహసయాత్ర’. 15 గదుల్లో, మూడు భాగాలుగా సాగుతుంది: ప్రపంచ భాషగా ఫ్రెంచి, నిత్యం కొత్తగా పుట్టే భాషగా ఫ్రెంచి, రాజ్య వ్యవహారంగా ఫ్రెంచి. తత్త్వవేత్త బార్బరా కసాఁ, బుర్కినా ఫాసోకు చెందిన నాటక దర్శకుడు హసన్ కసీ కుయాతే వంటివారు దీని రూపకల్పనలో పాలుపంచుకున్నారు. కాలక్రమం ప్రకారం లాటిన్‌తో మొదలుపెట్టి, భాషకు ప్రమాణాలు నిర్ణయించే ఫ్రెంచి అకాడెమీతో ముగించే పాఠ్యపుస్తకపు వరుసను వదిలిపెట్టి, ముందుగా ఈ భాష ప్రపంచంలో ఎక్కడెక్కడ, ఎవరి నోట బతుకుతోందో చూపించడం వారి తెలివి. ఫ్రెంచి మాట్లాడేవారు ప్రపంచం మొత్తంమీద 32 కోట్లకు పైగా ఉన్నారని, ఫ్రెంచి వాడే దేశాల కూటమి అయిన ఫ్రాంకోఫోనీ సంస్థ 2022 లెక్క. వారిలో అరవై శాతానికి పైగా ఆఫ్రికా ఖండంలో ఉన్నారు. మొదటి గదుల్లో ఈ సంగతి బుర్రకెక్కిన తర్వాత, ‘ఫ్రాన్సువారి భాష’ అన్న మాట కొంత సంకుచితంగా వినిపించడం మొదలవుతుంది. అయితే ఆ విస్తరణ వెనుక ఉన్న ఓడలూ తుపాకులూ బానిస వ్యాపారమూ ఈ గదుల్లో ప్రస్తావనకు వచ్చినా, రంగుల తెరల మధ్య వాటి బరువు తగినంతగా తెలియదన్నది నా అభిప్రాయం. యాత్ర అన్న మాట యాత్ర చేసినవారికి బాగుంటుంది.

రెండవ భాగం సరదా అయినది. అరబ్బీ, ఇటాలియన్, ఇంగ్లీషు భాషల నుంచి ఫ్రెంచి ఎంత అప్పు చేసిందో, నగర శివార్లలోని కుర్రవాళ్ళు మాటలను ఎలా తిరగేసి వాడతారో, అక్షరక్రమం చుట్టూ ఎన్ని తగాదాలు జరిగాయో ఇక్కడి విషయం. 1990లో అక్షరక్రమంలో చిన్నపాటి సవరణలను అకాడెమీ ఆమోదంతోనే ప్రకటించినా, ముప్పై ఏళ్ళు దాటినా జనం సగం పాటించి సగం పాటించకుండా నెట్టుకొస్తున్నారు. అరసున్నలూ బండి ఱలూ ఉండాలా పోవాలా అని తరాల తరబడి కొట్లాడుకున్నవాళ్ళం కాబట్టి మనకు ఇదేమీ కొత్తగా అనిపించదు. ఒక గదిలో కృత్రిమ మేధతో నడిచే ‘మాయా గ్రంథాలయం’ ఉంది. మన అభిరుచి గురించి కొన్ని ప్రశ్నలడిగి, చదవవలసిన పుస్తకం ఒకటి సూచిస్తుంది. పిల్లలు దాని ముందు వరుస కట్టారు. నాకైతే ఊళ్ళో లైబ్రేరియన్ ఇంతకంటే బాగా చెప్పగలదనిపించింది, కానీ అది వయసు వల్ల వచ్చిన చాదస్తం కావచ్చు.

నేను ఎక్కువ సమయం గడిపింది మూడవ భాగంలో. ‘రాజ్య వ్యవహారం’ అన్న పేరే నిజాయితీగా ఉంది. 1539 శాసనం, 1635లో కార్డినల్ రిషెల్యూ స్థాపించిన ఫ్రెంచి అకాడెమీ, ఆ తర్వాత విప్లవం. విప్లవకాలంలో అబ్బే గ్రెగువార్ అనే మతాచార్యుడు దేశమంతటికీ ప్రశ్నావళి పంపించి, 1794లో జాతీయ సభకు ఒక నివేదిక సమర్పించాడు. ప్రాంతీయ భాషలను నిర్మూలించవలసిన అవసరం, అందుకు ఉపాయాలు అన్నదే దాని శీర్షిక సారాంశం. ఫ్రెంచిని ధారాళంగా మాట్లాడగలిగినవారు దేశంలో ముప్పై లక్షలకు మించరని ఆయన అంచనా వేశాడు. బానిసత్వ రద్దు కోసం, యూదుల పౌరహక్కుల కోసం పోరాడిన ఉదారవాది ఈయనే కావడం గమనించదగ్గది. భాష ఒకటైతేనే పౌరులు సమానులవుతారని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. చట్టం అర్థం కాని మనిషికి స్వేచ్ఛ ఎక్కడిదన్న వాదన, నిజానికి 110వ అధికరణం నుంచి సూటిగా వచ్చినదే. అదే వాదన 1881-82లో జూల్ ఫెరీ తెచ్చిన ఉచిత నిర్బంధ విద్యా చట్టాల తర్వాత బడిలోకి వచ్చింది. బ్రెటన్ మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్కముక్కనో పాత చెప్పునో వేలాడదీసేవారు. వాడు మరొకడు బ్రెటన్ మాట్లాడుతుండగా పట్టించి ఆ గుర్తును వాడి మెడకు బదిలీ చేస్తేనే విడుదల. సాయంత్రానికి అది ఎవరి మెడలో ఉంటే వాడికి శిక్ష. కాన్వెంటులో తెలుగు మాట్లాడినందుకు జరిమానా కట్టిన పిల్లలు ఈ పద్ధతిని చూడగానే గుర్తుపడతారు.

ఈ కథ పాతబడిపోలేదు. 1985లో బ్రెటన్ భాషలో రాసిన ఒక అర్జీని, ఫ్రెంచిలో లేదన్న కారణంతో, పరిపాలనా వ్యవహారాల అత్యున్నత న్యాయస్థానం తిరస్కరించింది. గణతంత్ర భాష ఫ్రెంచి అన్న వాక్యాన్ని 1992లో రాజ్యాంగంలో చేర్చారు. ప్రాంతీయ భాషలు దేశ వారసత్వంలో భాగమన్న మాట అదే రాజ్యాంగంలోకి రావడానికి 2008 దాకా పట్టింది. ప్రాంతీయ భాషల ఐరోపా ఒప్పందం మీద ఫ్రాన్సు 1999లో సంతకం పెట్టినా ఆమోదించనే లేదు. ఈ భవనాన్ని 2023 అక్టోబరు 30న ప్రారంభిస్తూ అధ్యక్షుడు మాక్రాన్, స్త్రీపురుషులిద్దరినీ సూచించడానికి మాటల మధ్య చుక్కలు పెట్టే కొత్త రాతపద్ధతిని వ్యతిరేకిస్తూ మాట్లాడారు. ఆ రాత్రే సెనేట్ ఆ రాతను నిషేధించే బిల్లును ఆమోదించింది. ‘రాజ్య వ్యవహారం’ గదికి ఇంతకంటే మంచి అనుబంధం ఎవరూ రాయలేరు.

తెలుగువారికి ఈ గదితో నేరుగా ఒక సంబంధం ఉంది. కాకినాడ నుంచి బస్సులో గంట ప్రయాణం చేస్తే వచ్చే యానాంలో 1954 వరకు ఇదే రాజ్యం పాలించింది, ఇదే భాషలో జనన మరణాలు, పెళ్ళిళ్ళు నమోదు చేసింది. కోనసీమ అంచున గోదావరి ఒడ్డున పుట్టిన తెలుగు పిల్లవాడి పుట్టుక తేదీ ఫ్రెంచి వాక్యాల్లో రిజిస్టరుకెక్కడానికి వెనుక, బాప్తిస్మాల రిజిస్టరు పెట్టమన్న 1539 నాటి ఆజ్ఞ నుంచి సాగివచ్చిన సంప్రదాయమే ఉంది. భారత్, ఫ్రాన్సుల మధ్య 1956లో కుదిరి 1962లో అమలులోకి వచ్చిన అప్పగింత ఒప్పందంలో, అక్కడి ప్రజాప్రతినిధులు వేరుగా నిర్ణయించేవరకు ఫ్రెంచే అధికార భాషగా ఉండాలని రాశారు. పుదుచ్చేరి శాసనసభ 1965లో అధికార భాషల చట్టం చేసినప్పుడు యానాంలో తెలుగుకు చోటు దొరికింది. అంటే మన తెలుగు ఊరు ఒకటి ఈ శాసనపు నీడలో రెండు శతాబ్దాలకు పైగా ఉండి బయటపడింది. ప్రదర్శనలో భారతదేశానికి దక్కిన చోటు చాలా చిన్నది. అందులో యానాం కోసం వెతకడం మా గోదావరి జిల్లావాళ్ళకు తప్ప ఎవరికీ తట్టదు. యానాం పాలనను 1954లో ఫ్రాన్సు భారత్‌కు అప్పగించిన తేదీ, ఆంధ్రప్రదేశ్ అవతరించిన తేదీ, ఈ భాషా నగరం తెరిచిన తేదీ, మూడూ నవంబరు 1 కావడం కాకతాళీయమే అయినా గుర్తుపెట్టుకోవడానికి పనికివస్తుంది.

భవనం గురించి మరికొంత చెప్పాలి, ఎందుకంటే నాకు ప్రదర్శన కంటే భవనపు బతుకే ఎక్కువ ఆలోచన రేకెత్తించింది. రాజులు, ఆ తర్వాత ఓర్లేయాఁ ప్రభువులు ఇక్కడ వేడుకలు జరుపుకున్నారు. పారిస్‌లో బహిరంగ ప్రదర్శనకు నిషేధించిన మోలియేర్ నాటకాన్ని 1664 సెప్టెంబరులో పద్నాలుగవ లూయీ రాజు తమ్ముడు ఇక్కడ ఆడించుకుని చూశాడు. విప్లవం తర్వాత సైనిక వసతి అయింది. 1808లో నెపోలియన్ దీనిని పారిస్ వీధుల్లో పట్టుకొచ్చిన బిచ్చగాళ్ళ నిర్బంధ గృహంగా మార్చాడు. గదులకు అడ్డుగోడలు లేచాయి, ఉద్యానవనం పాడయింది. 19వ శతాబ్దం చివరికి అది వృద్ధాశ్రమమై, 2014 వరకు ఆ పనే చేసింది. లెక్కవేస్తే నిరుపేదలకు ఉపయోగపడిన కాలం కూడా రెండు శతాబ్దాలకు తక్కువ కాదు. మెట్ల మీద రాజుల శిల్పాలకు ఇచ్చిన శ్రద్ధలో నాలుగో వంతు ఈ రెండు శతాబ్దాల మనుషుల మాటలకు, వారి యాసలకు, వారి ఉత్తరాలకు ఇస్తే ఒక భాషా మ్యూజియానికి ఇంతకంటే తగిన సామగ్రి ఉండదని నా నమ్మకం. పైగా ఈ ఊరున్న ఏన్ జిల్లాలో పేదరికం, చదువురానితనం దేశపు సగటుకంటే ఎక్కువ. ఇన్ని కోట్ల యూరోలు ఇక్కడే ఖర్చుపెట్టడాన్ని కొందరు విమర్శించారు. పారిస్‌లో మరో మ్యూజియం కట్టే బదులు ఇక్కడ పెట్టడమే సబబని నేననుకుంటాను, అయితే ఆ ఊరివాళ్ళకు రాయడం, చదవడం నేర్పే పని గాజు కప్పు కింద ఎంత సాగుతుందన్నదాన్ని బట్టి దాని విలువ తేలుతుంది.

ఊళ్ళోకి వస్తే అంతటా డ్యూమా పేరే. నవలాకారుడు అలెగ్జాండర్ డ్యూమా 1802 జూలై 24న ఇక్కడ పుట్టాడు. ఆయన తండ్రి జనరల్ డ్యూమా, నేటి హైతీ అయిన సాన్ దొమాంగ్‌లో ఒక బానిస స్త్రీకి, ఒక ఫ్రెంచి ప్రభువుకు పుట్టి, విప్లవ సైన్యంలో జనరల్ స్థాయికి ఎదిగి, ఈ ఊరి సత్రం యజమాని కూతురిని పెళ్ళిచేసుకుని, 1806లో ఇక్కడే కన్నుమూశాడు. నాలుగేళ్ళు నిండని కొడుకు పెద్దవాడై ఫ్రెంచి భాషను ప్రపంచంలో అత్యధికులు చదివేలా చేసినవారిలో ఒకడయ్యాడు. 2002లో ఆయన అవశేషాలను ఈ ఊరి నుంచి తీసి పారిస్‌లో దేశ మహనీయుల సమాధి మందిరమైన పాంథియోన్‌కు తరలించారు. ఇటువంటి ఊళ్ళో 2014లో ఎన్నికైన తీవ్ర మితవాద పక్షపు మేయరు బానిసత్వ రద్దు స్మారక దినాన్ని జరపబోనని ప్రకటించారు. ఫ్రెంచి అనేక ఖండాల ఉమ్మడి సొత్తని చెప్పే ఈ ప్రదర్శన తెరుచుకున్నప్పుడు కూడా ఆయనే మేయరు. ఏడాది తిరగకుండానే, 2024 అక్టోబరు 4న, ఫ్రాంకోఫోనీ శిఖరాగ్ర సభ ఈ కోటలోనే మొదలై, ఆఫ్రికా దేశాధినేతలు ఎందరో ఆ గాజు కప్పు కింద నడిచారు.

జనరల్‌కు, నవలాకారుడికి, నాటక రచయిత అయిన మనవడికి కలిపి ఊళ్ళో ఒక చిన్న మ్యూజియం ఉంది. కోట నుంచి నడిచి వెళ్ళవచ్చు. కోటకు వెళ్ళేవారు దానికీ ఒక గంట మిగుల్చుకోవాలి. ప్రదర్శనకు మూడు గంటలు పడుతుంది, వివరణలు ఇంగ్లీషులోనూ ఉంటాయి గనుక ఫ్రెంచి రానివారు వెనుకాడనవసరం లేదు. సోమవారం మాత్రం వెళ్ళకండి, మూసి ఉంటుంది.